దుకాణం కరెంటు బిల్లు తగ్గాలంటే: ముందు లైట్లు, తర్వాత మిద్దె, చివర్లో ఏసీ

ఏప్రిల్ బిల్లు చూసి గుండె గుభేలుమన్న యజమాని మొదట చేసే పని కొత్త ఏసీ బేరమాడటం. వరస తప్పేది అక్కడే. చిన్న దుకాణంలో ఏసీ చేసే పనిలో చాలాభాగం మనుషుల్ని చల్లబరచడం కాదు. కాలిన స్లాబు నుంచి దిగే వేడి, పడమటి అద్దంలోంచి వచ్చే ఎండ, తెరిచిన తలుపులోంచి దూరే గాలి, సీలింగులో వెలిగే లైట్ల వేడి, వీటన్నిటినీ అది బయటికి తోస్తూ ఉంటుంది. వేడి వచ్చే దారులు మూయకుండా ఏసీ మార్చడమంటే చిల్లికుండలో నీళ్ళు పోయడానికి పెద్ద చెంబు కొనుక్కోవడమే.

ఇక్కడి లెక్కలన్నీ యూనిట్ పది రూపాయలు అనుకుని వేసినవి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దుకాణాలు, ఆఫీసులు, చిన్న క్లినిక్కులు ఎల్‌టీ-2 వాణిజ్య కేటగిరీలోకి వస్తాయి. వాడిన యూనిట్లను బట్టి బిల్లులో స్లాబు మారేకొద్దీ యూనిట్ ధర కూడా మారుతుంది, మీ బిల్లులో చివరి స్లాబు ధర చూసి సరిచేసుకోండి. తగ్గే యూనిట్లన్నీ పై స్లాబు నుంచే తగ్గుతాయి కాబట్టి ఆదా లెక్కకు సగటు ధర కాదు, ఆ చివరి ధరే పట్టుకోవాలి.

మీటరుతో మొదలుపెట్టండి

రూపాయి ఖర్చు లేకుండా చేసే పరీక్ష ఒకటుంది. రాత్రి షట్టర్ దించేముందు మీటరులో కేడబ్ల్యూహెచ్ (యూనిట్ల) రీడింగును ఫోనులో ఫొటో తీయండి. పొద్దున షట్టర్ ఎత్తగానే మళ్ళీ తీయండి. తొమ్మిదిన్నర నుంచి తొమ్మిదిన్నర వరకు, పన్నెండు గంటల్లో 6 యూనిట్లు తిరిగిందనుకుందాం. మనిషి లేని దుకాణం రాత్రంతా సగటున 500 వాట్లు తాగుతోందన్నమాట. నెలకు 180 యూనిట్లు, 1,800 రూపాయలు. ఫ్రిజ్, సీసీటీవీ, రౌటరు పోను మిగిలిందంతా వెతికి పట్టుకోవలసిన బాపతే: స్విచ్ ఆపని బోర్డు లైట్లు, బాత్రూమ్ ఎగ్జాస్ట్, ముసలి బ్యాటరీని ఎప్పటికీ చార్జ్ చేస్తూ కూర్చున్న ఇన్వర్టరు.

ఏ వస్తువు ఎంత లాగుతోందో తేల్చడానికి మీటరు మీద మిణుకుమనే ఎర్ర లైటు చాలు. దాని పక్కన 3200 ఇంపల్స్ అనో, 1600 అనో రాసి ఉంటుంది. ఒక యూనిట్‌కు అన్నిసార్లు మిణుకుతుందని అర్థం. అన్నీ ఆపేసి, చూడాలనుకున్న సర్క్యూట్ ఎంసీబీ (లోడు మించితే తనంతట పడిపోయే స్విచ్) ఒక్కటే వేసి, పది మిణుకులకు ఎన్ని సెకన్లు పట్టిందో ఫోను స్టాప్‌వాచ్‌తో చూడండి. మొదటి మిణుకును సున్నాగా లెక్కపెట్టాలి, లేకపోతే తొమ్మిదే అవుతాయి. సూత్రం ఇది: 36,00,000ను పదితో గుణించి, మీటరు మీది అంకెతో భాగించి, వచ్చినదాన్ని సెకన్లతో భాగిస్తే వాట్లు. 3200 మీటరులో పది మిణుకులకు 22.5 సెకన్లు పట్టిందంటే సరిగ్గా 500 వాట్లు. అరగంట కూర్చుంటే దుకాణం మొత్తం జాతకం కాగితం మీదికి వస్తుంది.

అద్దె కాంప్లెక్సుల్లో ఇంకొక్కటి చూడాలి. మీ మెయిన్ స్విచ్ కట్టేసి బయటికొచ్చి నిలబడండి. మెట్ల లైటో, పై వాటా మోటారో, పక్క దుకాణం బోర్డో ఆరిపోయిందంటే ఇన్నాళ్ళూ ఎవరి బిల్లు మీరు కడుతున్నారో తేలిపోతుంది. మెయిన్ కట్టేశాక కూడా మీటరు మిణుకుతుంటే మీటరుకూ మెయిన్‌కూ మధ్య ఎవరో వైరు తగిలించారు. దాన్ని మీరు ముట్టుకోవద్దు, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) సెక్షన్ ఆఫీసులో చెప్పండి.

బిల్లును పోల్చేటప్పుడు మొత్తం రూపాయలు చూస్తే మోసపోతారు. రీడింగ్ ఒక నెల 28 రోజులకు, ఒక నెల 34 రోజులకు తీసి ఉండొచ్చు. యూనిట్లను రోజులతో భాగించి, నిరుడు అదే నెలతో పోల్చండి.

లైట్లు

ఇప్పటికీ చాలా దుకాణాల్లో 36 వాట్ల లావు ట్యూబులు రాగి చోక్‌తో వెలుగుతున్నాయి. చోక్ తినేదాన్ని కూడా కలిపితే ఒక్కో సెట్టు 48 వాట్ల దాకా లాగుతుంది. సుమారు అంతే వెలుతురుకు 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్ (పట్టీతో కలిసే వచ్చే ట్యూబులైటు) సరిపోతుంది. ఇంకా దారుణం షోకేసుల్లోనూ ఫాల్స్ సీలింగులోనూ ఉండే 50 వాట్ల హాలోజన్ స్పాట్లు. వాటి పనిని 7 వాట్ల ఎల్‌ఈడీ చేస్తుంది.

20 అడుగులు బై 40 అడుగుల బట్టల దుకాణం తీసుకోండి. 24 పాత ట్యూబులు, 30 హాలోజన్లు, రోజుకు 11 గంటలు. ట్యూబులు 1,152 వాట్లు, స్పాట్లు 1,500, మొత్తం 2,650 వాట్ల పైచిలుకు. నెలకు 875 యూనిట్లు. అన్నీ మారిస్తే 480కి 210 కలిపి 690 వాట్లు, నెలకు 228 యూనిట్లు. తేడా ఇంచుమించు 647 యూనిట్లు, ఆరున్నర వేల రూపాయలు. బ్యాటెన్ మూడొందలు, స్పాట్ రెండొందల యాభై వేసుకున్నా సరుకు ఖర్చు పదిహేను వేలలోపే. మూడు నెలలు తిరక్కుండానే డబ్బు వెనక్కి వచ్చేస్తుంది.

లైటు తినే కరెంటంతా చివరికి గదిలో వేడిగానే మిగులుతుంది. పై లెక్కలో తగ్గిన 1,960 వాట్లంటే ఏసీ భాషలో అర టన్ను పైమాటే. ఒక టన్ను అంటే దాదాపు 3,500 వాట్ల వేడిని బయటికి తోసే శక్తి. లైట్లు మార్చిన దుకాణానికి రెండు టన్నుల ఏసీ స్థానంలో టన్నున్నర సరిపోవచ్చు. లైట్లు ముందు, ఏసీ తర్వాత అనడానికి కారణం ఇదే.

పాత పట్టీలోనే ఎల్‌ఈడీ ట్యూబు దూర్చి పని కానిద్దామనుకునేవాళ్ళు ఉంటారు. కుదురుతుంది, కానీ చోక్‌నూ స్టార్టర్‌నూ తీసేసి వైర్లు నేరుగా కలపాలి. చోక్ అలాగే వదిలేస్తే అది కొన్ని వాట్లు తింటూనే ఉంటుంది, లైటు రెపరెపలాడుతుంది. కొన్ని ట్యూబులకు ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకే కొసకు ఇవ్వాలి. కొన్నిటికి ఈ కొసకు ఫేజు, ఆ కొసకు న్యూట్రల్. ఇన్‌పుట్ అన్న ముద్ర ఏ కొసన ఉందో చూడకుండా కలిపితే ఠప్పుమని ఎంసీబీ పడిపోతుంది. రేపు ఎవరో తెలియక అందులో పాత ట్యూబు పెట్టినా అదే గతి. కూలీ, రిస్కు కలిపి చూస్తే పట్టీతో సహా కొత్త బ్యాటెన్ వేయడమే మేలు.

లైట్లు మార్చాక వచ్చే ఫిర్యాదులు దాదాపు నాలుగే. స్విచ్ ఆపినా లైటు మసకగా వెలుగుతూ ఉంటుంది: చాలాసార్లు స్విచ్ ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద ఉంటుంది, వైరింగ్ సరిచేయాలి. ఇది షాకు కొట్టే తప్పు కూడా, వాయిదా వేయొద్దు. ఫాల్స్ సీలింగులోని లైట్లు ఏడాదికే పోతుంటే పైన గాలి ఆడక డ్రైవర్లు (లైటుకు కరెంటు అందించే చిన్న పెట్టెలు) ఉడికిపోతున్నాయి. డ్రైవర్‌ను లైటు నెత్తిన పడేయకుండా అడుగు దూరంలో పెట్టించండి. ఒకే మీటకు నలభై లైట్లు పెడితే వేసిన క్షణాన లాగే కరెంటుకు ఎంసీబీ పడుతుంది, లేదా టైమర్ లోపలి కాంటాక్టులు అతుక్కుపోతాయి. మూడు గుంపులుగా విడగొట్టండి, బోర్డు టైమర్‌కు కాంటాక్టర్ (ఎక్కువ లోడును తట్టుకునే స్విచ్) పెట్టండి. నాలుగోది అసలు ప్రమాదం. మూడు ఫేజుల దుకాణంలో న్యూట్రల్ వదులైతే ఒక్క సాయంత్రంలో సగం లైట్లు, ఫ్రిజ్ బోర్డు, బిల్లింగ్ కంప్యూటరు కలిసి కాలిపోతాయి. డిస్ట్రిబ్యూషన్ బోర్డులో న్యూట్రల్ లింకు స్క్రూలను ఏడాదికోసారి ఎలక్ట్రీషియన్ చేత బిగింపజేయండి. టైప్-2 సర్జ్ ప్రొటెక్టరు (ఉన్నట్టుండి ఎగిసే వోల్టేజిని ఆపేది) కూడా పెట్టిస్తే పిడుగుల కాలంలో దిగులు తగ్గుతుంది, కానీ అది వదులు న్యూట్రల్‌కు మందు కాదు.

కొనేటప్పుడు వాట్లను కాదు, ల్యూమెన్లను, అంటే వెలుతురు కొలతను చూడండి. వాటుకు 100 ల్యూమెన్లయినా ఇవ్వనిది కొనకండి. పెట్టె మీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పవర్ ఫ్యాక్టర్, అంటే లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు, 0.9కి పైన ఉండాలి. మీ బిల్లులో యూనిట్లు కేవీఏహెచ్‌లో (పనికొచ్చినదే కాక లాగినదంతా కలిపి) లెక్కకడుతుంటే 0.5 ఉన్న చవక లైట్ల పాపం నేరుగా మీ నెత్తిన పడుతుంది. బట్టలకు, నగలకు సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే అంకె) 90 ఉండాలి. కస్టమర్లు చీర పట్టుకుని గుమ్మం దగ్గరికెళ్ళి వెలుతురులో రంగు చూసుకుంటున్నారా? అయితే మీ లైట్ల సీఆర్‌ఐ తక్కువని వాళ్ళే చెబుతున్నట్టు. రంగు విషయానికొస్తే బంగారానికి 3000 కెల్విన్ పసుపు, బట్టలకు 4000, వెండికి, కిరాణాకు 6500 తెలుపు బాగుంటాయి. ప్రతి లైటు మీదా మార్కరుతో తేదీ రాయండి, బిల్లు దాచుకోండి. వారంటీ అడగడానికి వెళ్ళినప్పుడు ఆ రెండే పనికొస్తాయి.

మిద్దె, అద్దం, గుమ్మం

పైన స్లాబు ఉన్న గదిలో సాయంత్రం ఏడింటికి బల్ల ఎక్కి సీలింగుకు అరచెయ్యి ఆనించండి. పొద్దున పదింటికి అదేచోట ఆనించి చూడండి. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం నల్లబడిన కాంక్రీటు పైముఖం 60 డిగ్రీల దాకా కాలుతుంది. ఆ వేడి అయిదారంగుళాల మందం దాటి కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. ఎండ తగ్గాక, సరిగ్గా గిరాకీ వచ్చే వేళకు స్లాబు లోపలికి వేడి కక్కుతుంది. రాత్రి ఎనిమిదింటికి కూడా ఏసీ ఆగకుండా తిరగడానికి కారణం అదే.

విరుగుడు తెల్లరంగు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చి వాణిజ్య భవనాలకు దాన్ని తప్పనిసరి చేసింది కూడా. మార్గాలు మూడు: సున్నం, కూల్ రూఫ్ పెయింటు, తెల్లటి టైల్సు లేక పింగాణీ ముక్కల పరుపు. సున్నం అన్నిటికన్నా చవక, కానీ ఒక వానాకాలానికి సగం కొట్టుకుపోతుంది, ఏటా వేయాలి. పెయింటు నాలుగైదేళ్ళు నిలుస్తుంది. రెండు కోటింగులకు లీటరుకు 30 నుంచి 40 చదరపు అడుగులు వస్తుంది, గరుకు స్లాబయితే ఇంకా తక్కువ. 800 చదరపు అడుగులకు ఇరవై అయిదు లీటర్లు పెట్టుకోండి. డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ (ఎండ వేడిని ఎంత తిప్పికొడుతుందో చెప్పేది) అన్న అంకె వెతకండి, 100కు దగ్గరగా ఉంటే మంచిది. మామూలు తెల్ల ఎమల్షన్ వేసి కూల్ రూఫ్ అనేవాళ్ళున్నారు, అది ఎండకు పొడిపొడిగా రాలిపోతుంది.

పని మార్చి నెలలో పెట్టుకోండి. ముందు నాచు, ధూళి వైరు బ్రష్షుతో రుద్ది కడగాలి. పగుళ్ళు పూడ్చి, పిట్టగోడ మూలల్లో, పైపుల చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ చేసి, స్లాబు పూర్తిగా ఆరాక రంగు వేయాలి. పొద్దున తొమ్మిదిలోపు లేదా సాయంత్రం అయిదు దాటాకే వేయండి. కాలుతున్న స్లాబు మీద వేస్తే పైపొర చర్మంలా కట్టి, కింద పట్టు దొరక్క, మొదటి వానకే అట్టలు అట్టలుగా లేస్తుంది. కూలీలు ఒప్పుకోరు, వాళ్ళకు పగలే పని అయిపోవాలి. ఈ ఒక్క షరతు ముందే మాట్లాడుకోండి. తర్వాత ఏటా వేసవికి ముందు ఒకసారి కడగాలి, దుమ్ము పట్టిన తెలుపు తెలుపు కాదు. గదిలో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. మీది కింది వాటా అయితే ఈ ఖర్చు పెట్టకండి, పై అంతస్తే మీకు గొడుగు.

పడమటి అద్దానికి లోపల కర్టెన్ వేస్తే ఎండ అప్పటికే లోపలికి వచ్చేసినట్టు. ఆపాల్సింది బయటే. వెదురు తడిక, షేడ్ నెట్, ముందుకు చాపిన రేకు, ఏదైనా సరే అద్దానికి వెలుపల ఉండాలి. షోకేసు కనబడాలంటే ఫిల్ము అతికించుకోవచ్చు, నలుపు ఎంత అన్నది కాదు, సౌరవేడిని ఎంత శాతం ఆపుతుందో అడగండి.

గుమ్మానికి అగరుబత్తి పరీక్ష చాలు. ఏసీ వేసి తలుపు మూసి, వెలిగించిన అగరుబత్తిని తలుపు కిందా, పక్కనా, ఫాల్స్ సీలింగు సందుల దగ్గరా, ఎగ్జాస్ట్ దగ్గరా పట్టుకోండి. పొగ ఎటు లాగుతుందో అటే మీ చల్లగాలి పోతోంది. తలుపు కింద బ్రష్ పట్టీ, హైడ్రాలిక్ క్లోజరు, ఎగ్జాస్ట్‌కు విడిగా స్విచ్, ఇవన్నీ కలిపినా కొత్త ఏసీ ధరలో పదోవంతు కాదు. తలుపు తెరిచే ఉంచాలనుకుంటే ఎయిర్ కర్టెన్ (గుమ్మం పైనుంచి కిందికి గాలి తోసే యంత్రం) గుమ్మం వెడల్పంతా ఉండాలి, గాలి నేలను తాకాలి. నేల మీద టిష్యూ కాగితం పెట్టి చూడండి. అది కదలకపోతే ఆ కర్టెన్ అలంకారమే. విజయవాడ, విశాఖల్లాంటి ఉక్కపోత ఊళ్ళలో ఇది మరీ ముఖ్యం. అక్కడ బయటిగాలితో పాటు లోపలికొచ్చే తేమను నీళ్ళుగా మార్చి పారబోయడానికే ఏసీ సగం చచ్చిపోతుంది.

ఏసీ, ఫ్యాన్లు

రోడ్డు దుమ్ములో ఉన్న దుకాణంలో ఫిల్టరు పదిహేను రోజులకోసారి కడగాలి. పదినిమిషాల పని, కుర్రాడికి నేర్పండి. అవుట్‌డోర్ యూనిట్‌ను రెండు గోడల మధ్య సందులో ఇరికిస్తే అది వదిలిన వేడిగాలినే మళ్ళీ పీల్చుకుంటుంది. వెనక జానెడు, ముందు మూడడుగులు ఖాళీ ఉండాలి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే కిందిదాని వేడి పైదానికి. నీడ కల్పించండి కానీ గోనెపట్టా కప్పొద్దు.

కడిగేటప్పుడు నీళ్ళు మెల్లగా పట్టాలి. బైకులు కడిగే ప్రెషర్ గన్ పెడితే అల్యూమినియం రెక్కలు వంగి గాలిదారి మూసుకుపోతుంది. పని చూసుకోవడానికి వంటగది థర్మామీటరు చాలు: ఏసీ పీల్చే గాలికీ వదిలే గాలికీ 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉండాలి.

గ్యాస్ ఏటా నింపించుకునేవాళ్ళు ఒక్క మాట వినాలి. గ్యాస్ ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే కారుతోంది. నైట్రోజన్‌తో ఒత్తిడి పెట్టి లీకు పట్టి, వ్యాక్యూమ్ పంపు పెట్టి, కాటా మీద తూచి ఎక్కించాలి. పంపూ కాటా లేకుండా సిలిండరొక్కటే భుజాన వేసుకొచ్చిన మెకానిక్‌ను గుమ్మంలోంచే పంపేయండి.

సెట్టింగ్ ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని స్టార్ లేబుళ్ళిచ్చే కేంద్ర సంస్థ బీఈఈ చెబుతుంది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు 24 దగ్గరే మొదలయ్యేలా చేసింది అందుకే. ఫ్యాన్లు మెల్లగా తిప్పుతూ 26 పెడితే 24లో ఉన్నంత హాయిగానే ఉంటుంది. రిమోట్ గల్లాపెట్టె దగ్గర ఉంచండి, ఎవరికి ఉక్క పోస్తే వాళ్ళు నొక్కే ఏసీ ఎప్పుడూ 18లోనే ఉంటుంది.

బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే కొత్తరకం మోటారు) ఫ్యాను 30 వాట్లు, పాతది 75. రోజుకు 11 గంటలు తిరిగితే నెలకు 15 యూనిట్లు, నూట యాభై రూపాయలు మిగులు. మూడు వేల ఫ్యానుకు ఇరవై నెలలు. బాగున్నవి పీకి పారేయక్కర్లేదు, కాలిపోయినప్పుడల్లా ఒక్కోటి మార్చుకోండి.

ఇవన్నీ అయ్యాక కూడా పాత నాన్ ఇన్వర్టర్ ఏసీ ఆగకుండా తిరుగుతుంటే అప్పుడు మార్చండి. స్టార్లు నమ్మకండి. పట్టిక అప్పుడప్పుడూ బిగిస్తుంటారు, 2022 జూలైలో పాత అయిదు స్టార్లు నాలుగయ్యాయి. లేబుల్ మీది ఐఎస్‌ఈఈఆర్ (తిన్న కరెంటుకు ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పేది) అంకెనే పోల్చండి. లేబుల్ మీది వార్షిక యూనిట్లు 1,600 గంటల వాడకానికి. దుకాణం ఏడాదికి 3,000 గంటలు తిప్పుతుంది, కాబట్టి ఇంచుమించు రెట్టింపు వేసుకోండి.

కూల్‌డ్రింక్ ఫ్రిజ్ సంగతీ చెప్పాలి. కంపెనీ ఉచితంగా ఇచ్చింది ఫ్రిజ్‌నే, కరెంటు మీదే. ఎండ పడేచోట, గోడకు ఆనించి పెట్టొద్దు. తలుపు రబ్బరులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్చమని కంపెనీ మనిషికి చెప్పండి, అడిగితే మారుస్తారు, అడగకపోతే ఎవరూ రారు.

సోలార్, లోడు తగ్గింపు

సోలార్ కిలోవాట్‌కు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది, వంద చదరపు అడుగుల దాకా జాగా తీసుకుంటుంది. పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇళ్ళకే, దుకాణాలకు లేదు. అద్దె భవనమైతే మిద్దె హక్కు యజమానిది, నెట్ మీటరింగ్‌కు (మిగిలిన సోలార్ కరెంటును డిస్కంకు పంపి బిల్లులో తగ్గించుకోవడానికి) కనెక్షన్ ఎవరి పేరున ఉందో చూసుకోవాలి. పలకలు పెట్టకముందే మిద్దెకు తెల్లరంగు వేయించండి, తర్వాత వాటి కింద బ్రష్షు దూరదు. వాడకం సగానికి తెచ్చాక లెక్కవేస్తే అయిదు కిలోవాట్ల చోట మూడు సరిపోతాయి.

చివరి మిగులు ఫిక్స్‌డ్ చార్జీలో. కాంట్రాక్టెడ్ లోడుకు, అంటే కనెక్షన్‌కు రాయించుకున్న లోడుకు, కిలోవాట్‌కు ఇంత అని నెలనెలా కడుతున్నారు. బిల్లులో ఆర్‌ఎండీ అన్నది ఆ నెలలో మీరు నిజంగా లాగిన గరిష్ఠం. అది లోడుకన్నా బాగా తక్కువగా నిలబడితే తగ్గించమని డిస్కంకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ డిసెంబరు ఆర్‌ఎండీ చూసి తొందరపడితే మేలో లోడు దాటుతుంది, నోటీసు వస్తుంది, తగ్గించినదాన్నే డెవలప్‌మెంట్ చార్జీలు కట్టి మళ్ళీ పెంచుకోవాలి. ఏప్రిల్, మే, జూన్ మూడు బిల్లులూ చేతిలో పెట్టుకుని, వాటిలో పెద్ద అంకె మీద ఒక కిలోవాట్ కలిపి, అప్పుడు పెట్టండి దరఖాస్తు.